అమెరికాలో చిన్న ఊరి ఎపిస్కోపల్ చర్చి చరిత్ర రాయాలట, మా అక్కకి ఏం చెప్పమంటారు?

మారేడ్‌పల్లి_బాబు:

అందరికీ వందనాలు. ప్రశ్న కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి. మా అక్కావాళ్లు న్యూయార్క్ రాష్ట్రంలో ఉంటారు, సిటీలో కాదు, పైన ఆల్బనీ వైపు ఒక చిన్న ఊళ్లో. అక్కడ మన సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) లాంటిది ఏదీ లేక ఇంటికి దగ్గర్లో ఉన్న ఎపిస్కోపల్ చర్చికి వెళ్లడం మొదలుపెట్టింది. తెల్ల రంగు చెక్క గుడి, ఎర్ర తలుపు, ఆదివారం పాతిక ముప్ఫై మంది వస్తే గొప్ప, అందులో సగం మంది డెబ్బై దాటినవాళ్లే. మాట్లాడే మనిషి, పైగా రిటైర్డ్ టీచరు దొరికిందని చర్చి చరిత్ర రాసే పని ఆవిడకి అంటగట్టారు. ఇక్కడ మా పాస్టరేట్ జూబిలీ సువనీర్ పని నేనే చూశానని అక్కకి గుర్తుంది, అందుకని అది నా నెత్తిన పడింది.

వాళ్ల దగ్గరున్న చరిత్ర అంటే ఒక పల్చటి బుక్‌లెట్. అందులో మూడొంతులు ఏ రెక్టర్ గారు (అక్కడ పాస్టర్‌ని అలా అంటారు) ఎప్పుడొచ్చారు, ఎప్పుడెళ్లారు అనే లిస్టే. మన సువనీర్లు మాత్రం ఏం తక్కువ, ముందు బిషప్ గారి ఫోటో, తర్వాత వరసగా పాస్టర్ గార్లు, చివర్లో బట్టల షాపు యాడ్లు.

చిక్కు ఎక్కడంటే బుక్‌లెట్‌లో స్థాపన అని ఒక సంవత్సరం ఉంది, గోడలో రాయి మీద ఇంకోటి ఉంది, వెస్ట్రీ గదిలో ఫ్రేమ్ కట్టి పెట్టిన ప్రతిష్ఠ సర్టిఫికెట్ మీద మూడోది ఉంది. మూడూ 1840ల్లోవే. ఆ సర్టిఫికెట్ మీద సంతకం వెస్టర్న్ న్యూయార్క్ బిషప్‌ది. ఆ ఊరు ఏనాడూ ఆ డయాసిస్‌లో, అంటే ఆ బిషప్ కింద ఉండే ప్రాంతంలో, లేదట! గుడి ప్లాను గీసింది రిచర్డ్ అప్‌జాన్ అనే పెద్ద ఆర్కిటెక్ట్ అని ఊళ్లో అందరూ చెప్పుకుంటారు, కాగితం మాత్రం ఎవరి దగ్గరా లేదు. వీటిల్లో దేన్ని నమ్మాలి, లిస్టు దాటి అసలు ఏం రాయాలి? ఇంకో మాట, వాళ్ల చర్చి మన సీఎస్ఐకి ఏమవుతుందని అమ్మ రోజూ అడుగుతోంది, అదీ కాస్త చెప్పండి.

లైబ్రరీ_పిచ్చి:

మూడు తేదీలూ నిజమే అయ్యుంటాయి, కంగారు పడొద్దు. న్యూయార్క్‌లో 1784 నుంచే సంఘాలు చట్టప్రకారం కార్పొరేషన్‌గా రిజిస్టర్ చేసుకునే వీలుంది. నలుగురు కలిసి వార్డెన్లని, వెస్ట్రీమెన్‌ని, అంటే చర్చి కమిటీ వాళ్లని, ఎన్నుకుని ఆ కాగితాన్ని కౌంటీ క్లర్క్ ఆఫీసులో ఇచ్చేవాళ్లు. బుక్‌లెట్‌లో ఉన్న స్థాపన సంవత్సరం బహుశా అదే, అప్పటికి గుడి లేదు, ఎవరింట్లోనో స్కూల్లోనో ఆరాధన. రాయి మీదది శంకుస్థాపన. ఇక ప్రతిష్ఠ సంగతి వేరు. ఆ రోజుల్లో ఎపిస్కోపల్ వాళ్లలో మామూలుగా అప్పు తీరేదాకా బిషప్ మందిర ప్రతిష్ఠ చేసేవాడు కాదు. గుడి కట్టి, అందులో పెళ్లిళ్లు జరిగి, పిల్లలకి బాప్తిస్మాలు అయ్యి, అప్పు తీరాక ఎప్పటికో సర్టిఫికెట్ వచ్చేది. కాబట్టి రాయికీ సర్టిఫికెట్‌కీ మధ్య ఎన్నేళ్లు గడిచాయో అన్నేళ్లు ఆ ఊరు అప్పు మోసిందని అనుకోవచ్చు. చరిత్రంతా అక్కడే ఉంది, ఎవరిచ్చారు అప్పు, ఎవరు తీర్చారు?

సంతకం విషయం చదివి నాకు భలే సరదా వేసింది, ఎందుకంటే దానికి పెద్ద కథే ఉంది. అప్పట్లో న్యూయార్క్ బిషప్ బెంజమిన్ ఆండర్‌డాంక్. ఆడవాళ్లతో అసభ్యంగా ప్రవర్తించాడని ఆయన మీద తోటి బిషప్పులే విచారణ జరిపి 1845 జనవరిలో సస్పెండ్ చేశారు. ఆయన ఆచారాల తీరు నచ్చనివాళ్లు పగబట్టి చేశారని ఆయన వర్గం వాదన, ఆ గొడవ ఏళ్ల తరబడి నడిచింది. చిక్కేంటంటే సస్పెండ్ చేశారు గానీ పదవి తీసేయలేదు. కుర్చీ ఖాళీ కాలేదు కాబట్టి కొత్త బిషప్‌ని ఎన్నుకోవడానికి లేదు, ఉన్నాయన పని చేయడానికి లేదు. 1850లో రూలు మార్చుకున్నాక 1852లో జొనాథన్ వెయిన్‌రైట్ తాత్కాలిక బిషప్‌గా వచ్చేదాకా కన్ఫర్మేషన్లకీ, ప్రతిష్ఠలకీ పక్క డయాసిస్‌ల బిషప్పుల్ని బతిమాలుకోవాల్సిందే. వెస్టర్న్ న్యూయార్క్‌లో అప్పుడున్నది బిషప్ డిలాన్సీ. సర్టిఫికెట్ 1845 తర్వాతదైతే మీ పజిల్ విడిపోయినట్టే. అక్కని తేదీ ఒకసారి సరిగ్గా చూడమనండి.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఆల్బనీ డయాసిస్ పుట్టిందే 1868లో. అంతకుముందు ఆ ఊరు న్యూయార్క్ డయాసిస్ కింద ఉండేది. అందుకని పాత రికార్డుల కోసం ఆల్బనీలో మాత్రమే వెతికితే సగమే దొరుకుతుంది. ప్రతి డయాసిస్ ఏటా కన్వెన్షన్ జర్నల్ అచ్చువేసేది, ప్రతి రెక్టరూ అందులో తన చర్చి రిపోర్టు ఇవ్వాలి. ఎన్ని బాప్తిస్మాలు, ఎన్ని పెళ్లిళ్లు, ఎన్ని సమాధులు, ప్రభు భోజన సంస్కారం తీసుకునేవాళ్లు ఎందరు, కానుక ఎంత వచ్చింది, అన్నీ ఉంటాయి. ఒక్కోసారి కింద రెండు ముక్కలు తన గోడు కూడా వెళ్లబోసుకుంటాడు, పైకప్పు కారుతోందనో, మిల్లు మూతబడి జనం వెళ్లిపోయారనో. పాత జర్నల్స్ చాలావరకు స్కాన్ చేసి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టారు, మీరు సికింద్రాబాద్‌లో కూర్చునే చూడొచ్చు.

కోఠి_కుమార్:

బాబన్నా, ఇదంతా అవసరమా? పాతిక మంది ఉన్న చర్చికి నాలుగు మంచి మాటలు, రెండు ఫోటోలు చాలు. ఎవరో బిషప్ చేసిన పాడు పనులు జూబిలీ పుస్తకంలో ఎందుకు చెప్పండి. చదివేవాళ్లు కూడా ముసలివాళ్లు, మనసు కష్టపెట్టుకుంటారు.

అమ్మగారి ప్రశ్నకి నా జవాబు: ఎపిస్కోపల్ అంటే అమెరికాలో ఇంగ్లండ్ చర్చి, మనకి మేనత్త కూతురు వరస. అంతే, ఇంకేం లోతుకి పోనక్కర్లేదు.

బొల్లారం_వాడు:

కుమార్ గారు, వరస బాగానే కలిపారు గానీ మధ్యలో ఒకటి రెండు పెళ్లిళ్లు వదిలేశారు.

బాబు గారూ, మీది మెదక్ డయాసిస్ అయితే మీ తాతముత్తాతలు ఆంగ్లికన్లు, అంటే ఇంగ్లండ్ చర్చి వాళ్లు, కాకపోవచ్చు. మెదక్ కెథడ్రల్ కట్టించిన పాస్నెట్ దొరగారు వెస్లియన్ మెథడిస్టు, 1924 క్రిస్మస్ నాడు దాన్ని ప్రతిష్ఠించారు. ఆంగ్లికన్ల వైపు అంటే దోర్నకల్. మన వేదనాయకం అజరయ్య గారు 1912లో అక్కడ బిషప్ అయ్యారు, ఆంగ్లికన్లలో మొదటి భారతీయ బిషప్ ఆయనే. 1947 సెప్టెంబర్ 27న మద్రాసు సెయింట్ జార్జ్ కెథడ్రల్‌లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు కలిస్తే సీఎస్ఐ అయింది. దానికోసం అంత కష్టపడ్డ అజరయ్య గారు అది చూడకుండానే 1945 జనవరి 1న పోయారు. నంద్యాల వైపు ఆంగ్లికన్లు చాలామంది అప్పుడు చేరలేదు, చాలా ఏళ్లు బయటే ఉన్నారు. ఇప్పుడు సీఎస్ఐ, ఎపిస్కోపల్ చర్చి రెండూ ఆంగ్లికన్ కమ్యూనియన్‌లో, అంటే ప్రపంచవ్యాప్త ఆంగ్లికన్ చర్చిల కూటమిలో, సభ్యులే, అక్క అక్కడ సంస్కారం తీసుకోవడంలో అమ్మగారు టెన్షన్ పడాల్సింది ఏమీ లేదు.

వాళ్ల కథ ఇంకో రకం. స్వాతంత్ర్యానికి ముందు అమెరికాలో ఒక్క బిషప్ కూడా లేడు, అన్నీ లండన్ బిషప్ చేతి కిందే. ఫాదరీ కావాలంటే ఓడెక్కి ఇంగ్లండ్ పోవాలి. యుద్ధం వచ్చేసరికి ప్రార్థన పుస్తకంలో రాజు కోసం ప్రార్థన ఉంది, ఫాదరీలు రాజుకి విధేయులమని ప్రమాణం చేసి ఉన్నారు, జనం ఊరుకుంటారా? చాలామంది కెనడాకో ఇంగ్లండ్‌కో వెళ్లిపోయారు. యుద్ధమయ్యాక కనెక్టికట్ వాళ్లు శామ్యూల్ సీబరీని బిషప్‌గా చేయించుకు రమ్మని పంపితే, రాజుకి ప్రమాణం చేయనిదే కుదరదన్నారు ఇంగ్లండ్‌లో. ఆయన స్కాట్లండ్ పోయి 1784 నవంబర్‌లో ఆబర్డీన్‌లో అక్కడి బిషప్పుల చేత చేయించుకున్నాడు. ఇంగ్లండ్ వాళ్లు తర్వాత చట్టం మార్చి 1787లో ఇంకో ఇద్దర్ని చేశారు. 1789లో ఫిలడెల్ఫియాలో సొంత రాజ్యాంగం, సొంత ప్రార్థన పుస్తకం పెట్టుకున్నారు. రాజు పోయాడు, బిషప్పులు మిగిలారు, వాళ్లని కూడా ఓటేసి ఎన్నుకుంటారు.

మా బొల్లారం హోలీ ట్రినిటీ చర్చి 1847 నాటిది, అంటే అక్క వాళ్ల గుడికి దాదాపు ఈడూ జోడూ. విక్టోరియా రాణి సొంత సొమ్ముతో కట్టించిందని చెబుతారు, 1983 నవంబర్‌లో ఎలిజబెత్ రాణి వచ్చి తన పెళ్లిరోజు ఆరాధన ఇక్కడే చేసుకుంది. తేడా చూడండి. ఇక్కడ కంటోన్మెంట్ చర్చిలో చాప్లిన్‌కి జీతం సర్కారుది, కూర్చునేది సిపాయిలూ ఆఫీసర్లూ, ఊళ్లో జనంతో పనే లేదు. అక్కడ రాణీ లేదు సర్కారూ లేదు. మేకు నుంచి గంట దాకా ఊళ్లోవాళ్లే కొనాలి, రెక్టర్‌ని పిలిచేదీ జీతమిచ్చేదీ వెస్ట్రీనే, అంటే మన పాస్టరేట్ కమిటీ లాంటిది, కాకపోతే మన వాళ్లకంటే గట్టిది, ఎందుకంటే మనకి పాస్టర్ గారిని డయాసిస్ ట్రాన్స్‌ఫర్ చేస్తుంది, వాళ్లకి వెస్ట్రీనే వెతుక్కుంటుంది. కాబట్టి లైబ్రరీ గారు అన్నదే నా మాట కూడా, డబ్బు వెంట పొమ్మనండి.

నాంపల్లి_టు_న్యూజెర్సీ:

నేను ఇక్కడ ఎపిస్కోపల్ చర్చిలో కొన్నాళ్లు వెస్ట్రీలో ఉన్నాను, అందుకని రెండు ముక్కలు.

డబ్బు వెంట పోవాలంటే ముందు ప్యూ రెంట్స్ చూడండి. 19వ శతాబ్దంలో చాలా చర్చిల్లో బెంచీలు అద్దెకి ఇచ్చేవాళ్లు లేదా వేలం వేసేవాళ్లు, రెక్టర్ జీతం అందులోంచే. ముందు వరస ఖరీదెక్కువ, గోడ పక్కన తక్కువ, డబ్బులేనివాళ్లకి వెనకాలో, పైన గ్యాలరీలోనో ఉచితం. కొన్ని చర్చిల్లో బెంచీ తలుపుల మీద నంబర్లు ఇప్పటికీ ఉంటాయి, పెయింటు కింద వేలితో తడిమితే తగులుతాయి. ప్యూ ప్లాన్ దొరికితే ఎవరెక్కడ కూర్చున్నారో అంతా తెలుస్తుంది, అంటే ఊళ్లో ఎవరి హోదా ఎంతో ఆ ఒక్క కాగితమే చెప్పేస్తుంది.

తర్వాత వెస్ట్రీ మినిట్స్, అంటే ఆ కమిటీ మీటింగుల రికార్డు. వీటిలో బొగ్గు, రిపేర్లు, ఇన్సూరెన్స్ తప్ప ఏమీ లేదనిపిస్తుంది, బోర్ కొట్టినా వదలొద్దు. రెక్టర్ జీతం ఎన్ని నెలలు బాకీ పడ్డారో అక్కడే ఉంటుంది. లిస్టులో ఒకాయన రెండేళ్లకే వెళ్లిపోయాడంటే కారణం చాలాసార్లు అదే. వాల్ స్ట్రీట్ ట్రినిటీ చర్చి నుంచి సాయం వచ్చిందేమో కూడా చూడమనండి. 1705లో యాన్ రాణి ఇచ్చిన భూమితో వాళ్లు మహా సంపన్నులు, ఆ కాలంలో రాష్ట్రమంతా చిన్న చర్చిలకి డబ్బిచ్చారు.

మినిట్స్‌లో అస్సలు కనపడనిది ఆడవాళ్లు. వెస్ట్రీలో అందరూ మగవాళ్లే, జాతీయ జనరల్ కన్వెన్షన్‌లో ఆడవాళ్లని ప్రతినిధులుగా కూర్చోబెట్టిందే 1970లో. కానీ కార్పెట్, ఆర్గన్, కిటికీ అద్దాలు, సగం అప్పు, ఇవన్నీ తీరింది వాళ్ల కుట్టుపని సంఘం సంపాదనతోనే. మన స్త్రీల మైత్రి వాళ్లు పచ్చళ్లు, పిండివంటలు అమ్మి మైక్ సెట్ కొనలేదా, అలాగే. ఆ లెక్కల పుస్తకం వేరేగా ఉంటుంది, ఎక్కువగా ఎవరో ఒకరి ఇంటి అటక మీద. అక్క ఆ పెద్దావిడలతో టీ తాగుతూ అడగాలి, ఆఫీసులో అడిగితే దొరకదు.

అప్‌జాన్ సంగతి. న్యూయార్క్ ట్రినిటీ చర్చి కట్టింది ఆయనే, అది 1846లో పూర్తయింది. బీద సంఘాలు సొంతంగా కట్టుకునేలా చెక్క చర్చి ప్లాన్లు గీసి పుస్తకం వేశాడు, నిలువు పలకలు, వాటి సందుల మీద సన్న బద్దీలు, ఏటవాలు కప్పు. దేశమంతా వాటిని చూసి కట్టారు, ఆ బాపతు గుడి కనబడితే చాలు అప్‌జాన్ అనేస్తారు. కానీ ఆ పుస్తకం వచ్చింది 1852లో. మీ రాయి మీద 1840ల తేదీ ఉంటే ఆ పుస్తకం చూసి కట్టే వీల్లేదు. ఆయనే నేరుగా గీసి ఇచ్చాడంటే ఉత్తరమో బిల్లో మినిట్స్‌లో ఉండాలి, లేకపోతే అప్పటి ఫ్యాషన్ ప్రకారం ఊరి వడ్రంగి కట్టాడని రాయడమే న్యాయం, ఆ వడ్రంగి పేరు దొరికితే ఇంకా మంచిది. ఎర్ర తలుపు గురించి కూడా అప్పు తీరితే వేస్తారని, శరణు కోరినవాళ్లకి గుర్తని రకరకాలుగా చెబుతారు. మినిట్స్‌లో రంగు డబ్బా కొన్న సంవత్సరం చూడమనండి, చాలాచోట్ల మన నాన్నల కాలంలోనే వేశారు. గంట ఎక్కి చూడగలిగితే దాని మీద పోతపోసినవాళ్ల పేరు, సంవత్సరం ఉంటాయి, ఆ ప్రాంతంలో అయితే ట్రాయ్ దగ్గర మెనీలీ వాళ్లది అయ్యే అవకాశం ఎక్కువ.

మారేడ్‌పల్లి_బాబు:

అందరికీ చాలా థాంక్స్. నిన్న రాత్రి వీడియో కాల్‌లో అక్క సర్టిఫికెట్ ఫోన్‌కి దగ్గరగా పెట్టి చూపించింది, 1847. లైబ్రరీ గారు చెప్పినట్టే ఆండర్‌డాంక్ సస్పెన్షన్‌లో ఉన్న టైమ్. అమ్మకి సీఎస్ఐ వరస చెప్పాను, అజరయ్య గారి పేరు వినగానే ఇక ఇంకేం అడగలేదు.

ప్యూ ప్లాన్ కూడా దొరికింది, అల్మరాలో బైబిళ్ల వెనక చుట్టి పెట్టారట. బెంచీ బెంచీకి పేర్లు, పక్కన డాలర్లు, గ్యాలరీలో ఒక మూల పేర్లేమీ లేకుండా రంగువాళ్లకి (అంటే నల్లవాళ్లకి) అని మాత్రం రాసి ఉంది. అక్క దీన్ని ఫోటోతో సహా వేద్దామంటే కమిటీలో ఒక పెద్దాయన ఒప్పుకోవట్లేదు, మా ఊరు ఉత్తరాన ఉంది, మాకు బానిసలు లేరు, ఇది వేస్తే తప్పు అర్థం వస్తుందంటున్నాడు. అంటే మన కుమార్ గారు అన్నట్టే. ఏమంటారు?

కోఠి_కుమార్:

నేను బిషప్ గురించి అన్నాను బాబన్నా, దీని గురించి కాదు. మా తాత చిన్నప్పుడు ఊరి గుళ్లో ఎవరు బెంచీ మీద, ఎవరు చాప మీద కూర్చునేవాళ్లో నేను ఇంట్లో విన్నవాణ్ణే. అది వేయాల్సిందే.

లైబ్రరీ_పిచ్చి:

పెద్దాయన చెప్పింది సగమే కరెక్ట్. న్యూయార్క్ రాష్ట్రంలో బానిసత్వం పూర్తిగా పోయింది 1827 జులై 4న. అంటే 1840ల్లో ఆ గ్యాలరీలో కూర్చున్న పెద్దవాళ్లలో కొందరు ఆ రాష్ట్రంలోనే బానిసలుగా పుట్టి ఉండొచ్చు, పైగా విడుదలయ్యాక కూడా వాళ్లని పైన మూలనే కూర్చోబెట్టారని ఆ ప్లానే సాక్ష్యం చెబుతోంది. ఎపిస్కోపల్ చర్చి జాతీయ స్థాయిలో 2006లోనే బానిసత్వంలో తన పాత్ర గురించి తీర్మానం చేసి క్షమాపణ చెప్పింది, డయాసిస్‌లని తమ తమ చరిత్ర తవ్వి చూడమంది కూడా. కాబట్టి అక్క చేస్తున్నది చర్చి అడిగిన పనే అని ఆ పెద్దాయనకి చెప్పొచ్చు.

ప్లాన్‌లో పేర్లు లేకపోయినా రిజిస్టర్‌లో ఉంటాయి. ఆ రోజుల్లో రెక్టర్లు బాప్తిస్మం, పెళ్లి, సమాధి రాసేటప్పుడు నల్లవాళ్లయితే పక్కన ఆ ముక్క రాసేవాళ్లు. ఆ పేర్లన్నీ ఏరి, 1850 జనాభా లెక్కలతో పోల్చి చూడమనండి, ఇంట్లో బానిస కాని ప్రతి మనిషి పేరూ రాసిన మొదటి లెక్కలు అవే. గ్యాలరీలో కూర్చున్నవాళ్లు ఏ వీధిలో ఉన్నారో, ఏం పని చేసేవాళ్లో దొరికే అవకాశం ఉంది. ఆ పేజీ వేస్తే మీ పుస్తకంలో అన్నిటికంటే బాగా చదివేది అదే అవుతుంది, రెక్టర్ల లిస్టు కాదు.

నాంపల్లి_టు_న్యూజెర్సీ:

ఒక జాగ్రత్త చెప్పి ఆపేస్తాను. రిజిస్టర్లు చదివేటప్పుడు దగ్గరి కాలంవి కూడా చేతికొస్తాయి. తండ్రి పేరు గడి ఖాళీగా ఉన్నవి, దత్తత అని పక్కన పెన్సిల్‌తో రాసినవి, ఆత్మహత్య అని రాసిన సమాధులు ఉంటాయి. ఆ ఊరు చిన్నది, వాళ్ల పిల్లలు ఇంకా అదే బెంచీల్లో కూర్చుంటున్నారు. 1950 తర్వాతవాటి నుంచి పేర్లు అచ్చు వేయకుండా అంకెలు మాత్రమే తీసుకోమనండి. ఒరిజినల్ రిజిస్టర్‌ని ఎవరింటికీ పంపొద్దు, చర్చిలోనే టేబుల్ మీద పెట్టి, ఫ్లాష్ లేకుండా ఫోన్‌తో ఫోటోలు తీసుకుంటే చాలు. కుట్టుపని సంఘం పుస్తకం దొరికితే మాత్రం ఇక్కడ పెట్టండి బాబు గారూ, వాళ్లు ఏమేం అమ్మారో చూడాలని ఉంది.